బొత్తాలు తప్పిన కోటు

జూన్ 8

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు, ఈస్టర్ భోజనాల దగ్గర, మా అక్క మొగుడు స్టెర్లింగ్ మా అమ్మకు మాట ఇచ్చాడు. "అత్తయ్యా, జూలైలో నా పడవలో నిన్ను, అందరినీ మూడు రోజులు అఖాతంలోకి తీసుకెళ్తా. నీ కళ్ళు ఇంకా మసకబారకముందే మంచునదిని చూద్దువుగాని." అందరం విన్నాం. అమ్మ పుట్టక ముందు నుంచీ అది మా వాళ్ళ చోటు. చిన్నప్పుడు వాళ్ళమ్మ చేయి పట్టుకుని అక్కడ సముద్రపు పిట్టల గుడ్లు ఏరుకున్న మనిషి.

జూలై రాగానే నేను జూనోలో గ్రంథాలయం పనికి సెలవు పెట్టి, తపాలా పడవలో మా ఊరు హూనా వెళ్ళాను. ఆ సాయంత్రం అమ్మ నా మొహం రెండు చేతులతో తడిమి "చిక్కిపోయావురా" అంది. తెల్లవారి సూట్‌కేసుతో రేవుకు వెళితే స్టెర్లింగ్ పడవ ఉండాల్సిన చోట నీళ్ళే ఉన్నాయి.

ఇంటికి వచ్చాను. అమ్మ వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. మంచి కోటు తొడుక్కుంది, తలకు రుమాలు కట్టుకుంది. ప్రయాణం సంబరంలో బొత్తాలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. ఒకటి తప్పించి పెట్టుకోవడంతో కోటు ఒక పక్కకు ఎగదన్నింది. పెరట్లో చేపల పొగగదిలోంచి పొగ లేస్తోంది. అడిలైడ్ అక్క పొయ్యి దగ్గర నిలబడి, నా వైపు తిరగకుండానే చెప్పింది. "నిషేధం ఎత్తేసి చేపల వేట తెరిచారట తమ్ముడూ. ఆయన వెళ్ళిపోయాడు."

అమ్మ కోటు బొత్తాలు విప్పుకుంది. ఆ చలికాలంలోనే పోయింది, మంచునదిని చూడకుండా.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నానంటే కారణం ఉంది. అదే స్టెర్లింగ్ ఈ పలచటి గోడకు అవతల మధ్యాహ్నపు కునుకు తీస్తూ గురక పెడుతున్నాడు. అరవై మంది పట్టే విహార ఓడలో నా పక్క గది అతనిదే అయింది.

ఇది అక్క కూతురు లవీనా పని. ఆమె ఈ ఓడలో ప్రయాణికులకు ఈ తీరపు ఆదివాసులమైన మా వాళ్ళ సంగతులు చెప్పే ఉద్యోగం చేస్తోంది. సీజను మొదట్లో ఉద్యోగుల ఇంటివాళ్ళకు ఖాళీ గదులిస్తారట. మే నెలలో ఫోను చేసింది.

"మామయ్యా, అమ్మకి బుర్ర నిలబడటం లేదు. వచ్చే చలికాలానికి నన్నే గుర్తుపడుతుందో లేదో. రోజూ నీ గురించే ఒకటే మాట, ఎల్మర్ మనింటికి ఎందుకు రాడు, ఎందుకు రాడు అని. నువ్వూ నాన్నా ఒక్కసారి మాట్లాడుకుంటుంటే ఆవిడ చూడాలి. తెలివి ఉండగా చూడాలి. ఇంకేమీ అడగను."

"ఓడ మంచునది దాకా వెళ్తుందా?"

"వెళ్తుంది."

"అయితే మంచునది కోసం వస్తాను. మీ నాన్న కోసం కాదు."

"ఎవరి కోసమని నేనడిగానా?"

వాళ్ళమ్మ నోరే వచ్చింది దీనికి.

జూన్ 9

పొద్దున్న ఫలహారం దగ్గర మమ్మల్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది లవీనా. అక్క చక్రాల కుర్చీలో ఉంది, చంకలో పాత చేతిసంచి, అందులో ఎండుచేప ముక్కలు, సీలు జంతువు నూనె సీసా. ఓడవాళ్ళు పెట్టిన రొట్టె మీద ఆ నూనె పోసుకుంటుంటే ఎదురు బల్ల మీది ఆడవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నాకు చాలా సంతోషమేసింది.

స్టెర్లింగ్ బాగా ముసలివాడయ్యాడు. మోకాళ్ళు పోయాయి. అయినా అక్క చేపముక్కలో ముళ్ళు తీసిగానీ ఆమె చేతిలో పెట్టడు. దానికేమిటి, ఎవరైనా చేస్తారు.

అతనితో నేను మాట్లాడను కదా. ఏం చెప్పినా లవీనాకే చెప్పాను.

"ఉప్పు ఇటు జరపమని మీ నాన్నతో చెప్పు."

"నాన్నా, ఉప్పు."

స్టెర్లింగ్ ఉప్పు జరిపాడు. "మీ మామయ్య డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడా లేదా అడుగు."

"మీ నాన్న డాక్టరీ ఎప్పుడు చదివాడో అడుగు. అలాగే ఇంకోటి కూడా అడుగు. వేట తెరిచారని మాట తప్పి పరిగెత్తాడే, ఆ ఏడు ఎన్ని చేపలు తెచ్చాడో."

లవీనా ఫోర్కు కింద పెట్టేసింది. స్టెర్లింగ్ ముల్లు తీసే పని ఆపలేదు.

"మీ మామయ్యకి చెప్పు. ఒక్కటి కూడా తేలేదని."

నిజమే. మూడు రోజుల తరువాత ఖాళీ పడవతో వచ్చాడు. ఊరు ఊరంతా నవ్వింది. చేపలకు కూడా అతని మాట మీద నమ్మకం లేదని అప్పట్లో నేనన్న మాట హూనాలో చాలాకాలం చెప్పుకున్నారు. బాగా అన్న మాట అది.

పది గంటలకు పై అంతస్తులో లవీనా ప్రసంగం. సాల్మన్ చేపను కోసి, ఉప్పునీళ్ళలో నానేసి, ఆల్డర్ కట్టెల పొగ పెట్టే విధానం చెప్పింది. ఆ మంట ఒకసారి వెలిగిస్తే ఇల్లు వదలకూడదట, పగలూ రాత్రీ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలట, వాళ్ళ నాన్న పొగగది వెలిగించి ఉన్నందుకు సొంత తమ్ముడి పెళ్ళికే వెళ్ళలేదట. జనం నవ్వారు. బాగానే చెప్పింది. కాస్త తొందరగా మాట్లాడుతుంది.

నా పక్కన డెన్వర్ నుంచి వచ్చిన రిటైర్డ్ జడ్జి, వాల్డ్రిప్ అట. మంచునదులు ఎలా పుడతాయో నాకు వివరించాడు. తప్పులు చెప్పాడు. ఆఖరున, "మీరు ఇక్కడికి ఎప్పుడొచ్చారు?" అని అడిగాడు.

"మంచు కంటే ముందు" అన్నాను.

సాయంత్రం ఓడలోని పుస్తకాల బీరువా చూశాను. అన్నీ హత్యల నవలలే. మా వాళ్ళ గురించి రాసినది ఒకటుంది, అందులో పేజీకో తప్పు. పెన్సిలు తీసుకుని దిద్దాను. ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో ఊరందరూ గీసినవి చెరిపాను. ఇప్పుడు నా వంతు.

ఇంకొకటి రాయాలి. స్టెర్లింగ్‌తో నా లెక్క నేను తేల్చుకోలేదని ఎవరూ అనుకోనక్కరలేదు. అమ్మ పోయిన మరుసటేడు ఆమె పేరిట పెద్ద విందు పెట్టాం. మా జనంలో రెండు వైపులు, కాకి, గద్ద; పెళ్ళిళ్ళు ఎప్పుడూ అవతలి వైపుతోనే. మేం కాకి వైపు వాళ్ళం. మా ఇంట చావు పని అంతా చేసింది గద్ద వైపు వాళ్ళు. శవం పక్కన కూర్చున్నది వాళ్ళే, గొయ్యి తవ్వింది వాళ్ళే. వాళ్ళలో ఒక్కొక్కరినీ హాలు నిండా జనం ముందు పేరు పెట్టి పిలిచి దుప్పటి కప్పడం ఇంటి మగవాడిగా నా వంతు. అందరినీ పిలిచాను. అమ్మ శవపెట్టె చేసినవాడిని పిలవలేదు. పెట్టె చేసినవాడు స్టెర్లింగ్.

హాల్లో తలలన్నీ అతని వైపు తిరిగాయి. అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక లేచి, కుర్చీలు మడిచి గోడకు చేర్చి, దీపాలు ఆర్పి వెళ్ళాడు.

తరువాత అతనితో నేను మాట్లాడలేదు. అక్క జూనో వచ్చినప్పుడల్లా చూసేవాణ్ణి. ఆ ఇంటి గుమ్మం మాత్రం తొక్కలేదు.

జూన్ 10

వాన. తిమింగలాలు కనిపించాయి. అక్క నా పేరు అడిగింది. చెప్పాను. మంచి పేరు అంది.

జూన్ 11

మంచునది.

ఈ రోజు ఏమీ రాయను.

జూన్ 12

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాస్తున్నాను. నిన్న జరిగింది జరిగినట్టుగా.

పొద్దున్నే అఖాతంలోకి వచ్చాం. ఓడ మెల్లగా మంచుముక్కల మధ్య నుంచి వెళ్ళి మంచుగోడకు ఎదురుగా ఆగింది. ఇంజను ఆపేశారు. అందరినీ నిశ్శబ్దంగా ఉండమని లవీనా చెప్పింది. మా వాళ్ళెవరు అక్కడికి వెళ్ళినా ముందు పలకరించాలి. ఎవరమో, ఎవరి మనవలమో చెప్పుకోవాలి. ఒకప్పుడు ఆ నీళ్ళ చోట మా ఇళ్ళుండేవి. మంచు ముందుకు వచ్చి మమ్మల్ని వెళ్ళగొట్టింది, తరువాత అదే వెనక్కి తగ్గింది. పెద్దరికం దానిదే. దాని ముందు దాన్ని ఒక మాట అనకూడదు.

ఆ మాటలు నేను చెప్పాలి. వయసులో పెద్దయిన మగవాళ్ళు మా ఇంట్లో ఇంకెవరూ మిగలలేదు. మూడు రోజులుగా మనసులో వల్లె వేస్తున్నాను. పుస్తకాల్లో చూసి సరిచూసుకున్నాను కూడా. ముందుకు వెళ్ళి నిలబడ్డాను, మొదటి పేరే గుర్తుకు రాలేదు.

చక్రాల కుర్చీలోంచి అక్క మొదలుపెట్టింది.

మా భాషలో, తడబాటు లేకుండా. పొద్దున్న ఏం తిన్నదో చెప్పలేని మనిషి, అమ్మమ్మలను పేరు పేరునా ఒకరి వెనుక ఒకరిని పిలుచుకుంటూ వెళ్ళింది. "మేము వచ్చాం. మీ మనవలం. మమ్మల్ని చూసి జాలిపడండి" అని ముగించింది. ఎక్కడో లోపల మంచు పెళపెళలాడింది. లవీనా మైకు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు అక్క నా చొక్కా చేయి పట్టుకుని కిందికి లాగింది.

"ఆల్బర్ట్ మామయ్యా."

ఆల్బర్ట్ మామయ్య అమ్మకు అన్న. ఎప్పుడో పోయాడు. నా ముక్కు ఆయన ముక్కే అంటారు.

"చెప్పమ్మా" అన్నాను. కాదనడం ఎందుకని.

"ఎల్మర్‌తో అనకేం."

"ఏమని?"

"అమ్మకి చూపు పోయింది. మసక కాదు మామయ్యా, మొత్తం పోయింది. ఈస్టర్ అయిన దగ్గర్నుంచీ అంతే. ఇంట్లో తడుముకుంటూ పని చేసుకుంటోంది. వాడొస్తే మాత్రం కుర్చీలోంచి లేవదు. వాడు పాపం ఈ మంచు చూపిద్దామని అంత దూరం నుంచి వచ్చాడు. ఎదురుగా నిలబెట్టి, 'చూడమ్మా' అంటాడు. అప్పుడేం చెప్తుంది? చూశానని అబద్ధమాడాలి. ఇక్కడ, దీని ముందు అబద్ధమాడొచ్చా?"

నేను ఆమె పక్కన ఇంకాస్త వంగాను.

"అందుకే మా ఆయన్ని పిలిచి పడవ తీసుకుని పొమ్మంది. వేటకెళ్ళాడని నన్ను చెప్పమంది. తిట్టుకుంటే స్టెర్లింగ్‌ని తిట్టుకుంటాడులే, వాడు ఏడవకూడదు, అంది."

కుర్చీ వెనుక స్టెర్లింగ్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. "అడీ, చలేస్తోంది, దుప్పటి లాక్కో" అన్నాడు. అంటూ అటు తిరిగి నీళ్ళ వైపు చూశాడు.

అప్పుడే మంచుగోడలోంచి ఇంటంత ముక్క విరిగి పడింది. జనమంతా కేకలు వేశారు. జడ్జి చప్పట్లు కొట్టాడు.

జూన్ 12, సాయంత్రం

మతి నిలవని మనిషి మాట. అంతకన్నా ఏమీ కాదు. నన్ను చూసి చచ్చిపోయిన మామయ్య అనుకున్న మనిషి, ఏదైనా అనుకోగలదు. గ్రంథాలయంలో ఇన్నేళ్ళు పని చేసినవాణ్ణి, సాక్ష్యం అంటే ఏమిటో నాకు తెలుసు. ఒక్కరి మాట సాక్ష్యం కాదు.

స్టెర్లింగ్ ఆమెకు నేర్పి ఉంటాడా? ఆమెకు నేర్పిస్తే మాత్రం నిలుస్తుందా?

భోజనానికి వెళ్ళలేదు.

జూన్ 12, ఇంకా

పొగగది.

ఆ పొద్దున పెరట్లో పొగగది వెలిగి ఉంది. నేనే చూశాను. ఈ డైరీలో మొదటి రోజే నా చేత్తో రాశాను. ఇంటిల్లిపాదీ మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్న ఇంట్లో ఆ పొద్దున ఎవరూ మంట వెలిగించరు. చంటిపిల్లకు కూడా తెలుసు. ప్రయాణం లేదని ముందే తెలిసి అమ్మే వెలిగించింది. లేదా వెలిగించమంది.

ఆ కోటు.

బొత్తాలు చీకట్లో పెట్టుకున్నట్టు పెట్టుకుంది.

జూన్ 13

పొద్దున్న వెనక డెక్కు మీద ఎండ కాస్తోంది. అక్క మధ్యలో కూర్చుంది, ఒడిలో దుప్పటి, చేతిలో టీ. స్టెర్లింగ్ అటు పక్క. నేను వెళ్ళి ఇటు పక్క కుర్చీ లాక్కున్నాను. లవీనా దూరం నుంచి చూసి ఎవరినో పిలుస్తున్నట్టు నటిస్తూ వెళ్ళిపోయింది.

అక్క దుప్పటి అంచు సర్ది స్టెర్లింగ్ వైపు తిరిగాను.

"బావా."

స్టెర్లింగ్ టీ కప్పు గట్టు మీద పెట్టాడు. పడిపోతుందేమోనని పెట్టినట్టుంది. "ఊఁ."

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది అత్తయ్య."

"ఆ చలికాలమే పోయింది కదా."

"పోయాక మరీ ఇబ్బందిరా. బతికుంటే వెళ్ళి అడిగేవాణ్ణి, అత్తయ్యా, ఇక చెప్పేయనా అని. పోయాక ఎవర్నడగాలి?"

"మరి విందులో? నేను నీ పేరు పిలవనప్పుడైనా?"

"అప్పుడు నోటిదాకా వచ్చిందిలే." మోకాలు రుద్దుకున్నాడు. "కానీ ఆ రోజు నువ్వు అత్తయ్య గురించి ఎంత బాగా మాట్లాడావు. అందరూ ఏడ్చారు. మధ్యలో లేచి చెడగొట్టడం ఎందుకనిపించింది."

నేను నీళ్ళ వైపు చూశాను. దూరంగా సీలు ఒకటి తల పైకెత్తి మమ్మల్ని చూసి మునిగింది.

"ఆ రోజు వేట ఉందా అసలు?"

"ఏం వేట? పక్క పాయలోకి వెళ్ళి లంగరేసుకుని కూర్చున్నా. వాన. తినడానికి బిస్కట్లు తప్ప ఏమీ లేవు. అంత కంగారులో వల ఇంటి దగ్గరే మర్చిపోయా. వల ఉంటే రెండు చేపలన్నా పట్టుకొచ్చేవాణ్ణి, మాట నమ్మకంగా ఉండేది. ఖాళీ పడవతో వస్తుంటే గుండె దడ, ఎల్మర్ చదువుకున్నవాడు, ఇట్టే పట్టేస్తాడని."

"పట్టలేదు."

"పట్టలేదు. పైగా చేపలకి కూడా నా మాట మీద నమ్మకం లేదన్నావు." అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. "మంచి మాటరా అది. నాకే నవ్వొచ్చింది. ఇంట్లో అడీ ముందు నవ్వితే తిట్టింది."

"వల మర్చిపోయి వేటకెళ్ళినవాడివి నువ్వొక్కడివే ఈ తీరమంతా వెతికినా."

"పడవ లేని రేవులో నిలబడి సూట్‌కేసు కాపలా కాసినవాడివి నువ్వూ ఒక్కడివే."

"నా సూట్‌కేసు సంగతి ఎత్తకు."

"దాన్నిండా పుస్తకాలే కదా? మూడు రోజుల ప్రయాణానికి! నా పడవ మునగకుండా బతికిపోయింది, ఆ లెక్కన అత్తయ్య నన్ను కాపాడిందిరా."

అక్క టీ కప్పు దించి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. లవీనా కోరింది ఇదే. ఆమె చూడాలనే. ఏడుస్తుందేమో, నా చేయి తీసి అతని చేతిలో పెడుతుందేమో అనుకున్నాను. ఈ వయసులో కూడా మనిషి ఇలాంటివి అనుకుంటాడు.

"మీ ఇద్దరూ ఎప్పుడూ ఇంతే" అంది అక్క విసుగ్గా. "కలిస్తే చాలు, వాగుడే వాగుడు. నా టీ చల్లారిపోయింది."

ఎప్పుడూ ఇంతే.

స్టెర్లింగ్ నా వైపు చూశాడు. నేను లేచి ఆమెకు వేడి టీ తేవడానికి వెళ్ళాను. పాల గిన్నె దగ్గర చాలాసేపు నిలబడవలసి వచ్చింది. జడ్జి వాల్డ్రిప్ వచ్చి "అంతా క్షేమమేనా?" అని అడిగాడు. ఆవిరి కళ్ళలోకి వెళ్ళిందని చెప్పాను. నమ్మాడు. ఇన్నేళ్ళు తీర్పులు ఎలా చెప్పాడో.

జూన్ 14, జూనో

రేవులో దిగాం. వాళ్ళు హూనా వెళ్ళే పడవ కోసం ఆగారు. అక్క సంచిలోంచి ఎండుచేప తీసి నాకు ఇచ్చింది, "దారిలో తిను బాబూ, మీ ఇంట్లో ఎవరన్నా ఉన్నారా వండిపెట్టడానికి?" అని. ఎవరూ లేరన్నాను. "అయితే మా ఇంటికి రా" అంది. వస్తానన్నాను. ఆగస్టులో వెళతాను. పొగగది వెలిగించే రోజుల్లో వెళ్ళి, మంట దగ్గర కూర్చుంటాను. స్టెర్లింగ్ మోకాళ్ళతో లేవలేడు ఎలాగూ.

లవీనా నన్ను వాటేసుకుని అడిగింది. "నాన్న మీద కోపం పోయిందా మామయ్యా?"

"పోలేదు" అన్నాను.

నవ్వింది. నేను తమాషాకి అనలేదు.

అమ్మను ఏమీ అనలేను. కళ్ళు లేకుండా కోటు తొడుక్కుని, నా కోసం కుర్చీలో కూర్చున్న మనిషిని ఏమనగలను? అక్కను అనలేను. ఆమె తన వంతు దాచింది, ఇప్పుడు దాచిన సంగతి కూడా ఆమె దగ్గర లేదు. కానీ ఇన్నేళ్ళూ నాకొక బావ ఉండి లేకుండా పోయాడు. నేనొక మాట అంటే తిరిగి రెండు అనాల్సినవాడు, నా సూట్‌కేసు గురించి అందరి ముందూ ఎగతాళి చేయాల్సినవాడు, నోరు మూసుకుని కుర్చీలు మడిచి వెళ్ళిపోయాడు. ఒక్క మాట చెప్పి ఉంటే ఎన్ని ఆదివారాలు, ఎన్ని భోజనాలు. దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

పోయిన ఏడు మా పినతల్లి కొడుకు పోతే గొయ్యి దగ్గర నిలబడ్డ గద్ద వైపు వాళ్ళలో స్టెర్లింగూ ఉన్నాడు. అక్టోబరులో ఆ విందు. పేర్లు పిలిచేది నేనే. హాలు నిండాక అతని పేరే మొదట పిలుస్తాను, వెనక వరసలో చెవిటివాళ్ళకు కూడా వినపడేలా. అమ్మ పెట్టె చేసినందుకు కప్పాల్సిన దుప్పటి కూడా అప్పుడే కప్పుతాను. కప్పుతూ చెవి దగ్గరకు వంగి, తప్పంతా నీదే అని చెబుతాను. అతను దానికి ఏదో ఒకటి అంటాడు. అనకపోతే ఊరుకోను.

ఎందుకంటే తప్పు అతనిదే. ఇప్పటికీ అదే అంటాను. స్టెర్లింగ్‌ది.